పోలినాయుడు బొమ్మలోకి దిగిన వైనం

పోలినాయుడి కోపమంతా బావమరిది సన్యాసినాయుడి మీదే. బొమ్మలెయ్యడం నేర్చుకుంటున్నానని చెప్పి స్టూలు మీద కూర్చోబెట్టి, మాటమాత్రం చెప్పకుండా ఎడం చెవి దించుకుపోయాడు. చెవి ఉన్నచోట చర్మం అరచెయ్యిలా నున్నగా మిగిలింది. చెవేమో బొమ్మ వేసే గుడ్డ మీద, చిన్నప్పుడు కుట్టించిన కన్నంతో సహా, ఉండాల్సినచోటే ఉంది.

ఇందులో వింతేమీ లేదు. జీడివలస మండలంలో బొమ్మ కుదిరితే "దిగింది" అంటారు. దిగినది ఇంక మనిషి పైన ఎందుకుంటుంది? కుదరని బొమ్మతో ఎవరికీ ఇబ్బంది లేదు. సన్యాసినాయుడు అంతకుముందు వేసిన ముఖాలన్నీ పనసకాయల్లా ఉండేవి. కూర్చున్నవాళ్ళు టీ తాగి, తెచ్చుకున్న ముఖంతోనే ఇంటికెళ్ళిపోయేవారు.

సన్యాసినాయుడిది కరెంటు మీటర్ల రీడింగు తీసే ఉద్యోగం. బొమ్మలు నేర్పినవాడు లేడు. తలుపు తీసిన ప్రతి ముఖాన్నీ చూసి చూసి తనంతట తనే పట్టుకున్నాడు. కళ్ళు మనం అనుకునేంత పైన ఉండవు, తలకి సరిగ్గా సగంలో ఉంటాయి. నీడకి నల్లరంగు పూస్తే ముఖం మసి కొడుతుంది. కాస్త నీలం, కాస్త గోధుమరంగు కలిపితే ప్రాణం వస్తుంది. కళ్ళు సగం మూసుకుని చూస్తే ముక్కూ మూతీ మాయమై వెలుగూ నీడా మిగులుతాయి, ముందు వెయ్యాల్సింది వాటినే. పోలినాయుడు ఐదో తరగతిలో బడి మానేసి, తిట్లు తిని సైకిలు పని నేర్చుకున్నవాడు. చెయ్యి తిరగడమంటే ఏమిటో అతనికి తెలుసు. అందుకే తిడుతూనే మళ్ళీ వెళ్ళి స్టూలెక్కాడు.

"ఏరా సన్నాసీ, నా చెవి నాకిచ్చెయ్."

"ఇచ్చే వీలుంటే ఇద్దును బావా. ఇక్కడ తుడిచేస్తే రెండుచోట్లా పోతాది."

"అయితే ముట్టుకోకు." పోలినాయుడు గుడ్డకి దగ్గరగా వంగి చాలాసేపు చూశాడు. "దొంగవెధవా, ఎంత బాగా దిగిందిరా."

తరవాత కుడిచెవి దిగింది. కనుబొమ్మలు దిగాయి. ముక్కు దిగిన రోజున పోలినాయుడి భార్య అప్పలనర్సమ్మ తమ్ముడికి పాయసం వండింది. "మా ఆయనకున్నప్పుడు ఇంత కళగా ఉండేది కాదురా ఈ ముక్కు" అంది. పోలినాయుడికి కళ్ళజోడు నిలవక జారిపోయేది. అది మొగుడూ పెళ్ళాలు సర్దుకున్నారు. కళ్ళు కూడా దిగాక జోడు అవసరమే తీరిపోయింది.

కళ్ళు దిగాక చూపు గుడ్డ మీదనుంచే. అప్పలనర్సమ్మ బొమ్మని చంకలో పెట్టుకుని ముందు నడిస్తే, పోలినాయుడు ఆమె కొంగు పట్టుకుని వెనక నడిచేవాడు. ఆమె మరిచిపోయి బొమ్మని వెనక్కి తిప్పిందంటే, తన వెనకే వస్తున్న ముఖంలేని మనిషి కనిపించి ఉలిక్కిపడేవాడు. ఇరుగుపొరుగులు మాత్రం బొమ్మకే దండం పెట్టి, "నాయుడుగారూ, బాగున్నారా" అని పలకరించేవారు.

అంతలో భూముల రీసర్వే వచ్చిపడింది. పొలం ఎవరి పేరున ఉందో వాళ్ళు మండలాఫీసుకొచ్చి మిషను ముందు ముఖం పెట్టాలి. ముఖం సరిపడితే పొలం ఉంటుంది, లేకపోతే లేదు. పోలినాయుడికి తండ్రి ఇచ్చిన ఎకరా పదిహేడు సెంట్ల మెట్ట ఒకటే ఉంది, నాలుగు జీడిమామిడి చెట్లతో. అది పోతే అతని పేరున ఇంకేమీ లేదు. ఇక మనిషి ముఖాన మిగిలింది నోరొక్కటే.

"నోరు మాత్రం ఇవ్వను. ఆఫీసులో మాట్లాడ్డానికి నాకదుండాలి" అన్నాడు.

"నువ్విచ్చినా నాకు రావడం లేదులే" అన్నాడు సన్యాసినాయుడు. నిజమే. స్టూలెక్కగానే పోలినాయుడు రేషన్ కార్డు ఫొటోకి బిగించినట్టు పెదాలు బిగించేసేవాడు. ఎన్నిసార్లు గీసినా అది ఎవరి నోరో అయ్యేది.

మండలాఫీసుకి ముగ్గురూ వెళ్ళారు. బొమ్మ తనదని చెప్పడానికి సన్యాసినాయుడు రంగులపెట్టెతో సహా వచ్చాడు. డిప్యూటీ తాసిల్దారు మేడమ్ బొమ్మనీ మనిషినీ మార్చి మార్చి చూసి కళ్ళద్దాలు సర్దుకుంది.

"ఇందులో పట్టాదారెవరండీ?"

"నేనేనమ్మా" అన్నాడు పోలినాయుడు.

"మీకు ముఖం లేదు. దానికి నోరు లేదు. రెండింట్లో ఏదో ఒకటి పూర్తిగా ఉంటేనే మిషను తీసుకుంటుంది. రేపటితో ఆఖరు."

పోలినాయుడికి ఒళ్ళు మండింది. "ఏటమ్మా అంటున్నావ్? మా అయ్య ఇచ్చిన పొలం. రాళ్ళేరింది నేను, నూతిలో పూడిక తీసింది నేను. దీనికి ముఖమెందుకు, చేతులు చూడు!" అని అరిచాడు. అరుస్తుంటే కింది పెదవి ఎడం పక్కకి లాక్కుపోయింది. ఆ మూల చిన్న గుంట పడింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ జరిగిన అన్యాయాలన్నీ ఆ గుంటలో కూర్చునున్నాయి.

సన్యాసినాయుడు అది మొదటిసారి చూశాడు.

"బావా! అలాగే ఉండు, కదలకు!"

కుంచె తీశాడు. అక్క పట్టుకున్న గుడ్డ మీద, నిలబడ్డపాటునే, తడుముకోకుండా వేశాడు.

"నేనేనమ్మా పోలి" అన్నది మనిషి.

"నాయుడిని" అన్నది బొమ్మ.

మిషను మీద పచ్చలైటు వెలిగింది. ఆఫీసంతా లేచి చప్పట్లు కొట్టింది. మేడమ్ కుర్చీలోంచి లేచి, "ఏం చెయ్యండీ మీది!" అంది సన్యాసినాయుడితో. పోలినాయుడి చేతులు కూడా చప్పట్లు కొట్టడం పోలినాయుడు బొమ్మలోంచి చూశాడు. మొక్కుబడిగా కొట్టడం లేదు, మనసారానే కొడుతున్నాయి.

"గుడ్డా రంగులూ ఎవరివి?" అనడిగింది మేడమ్.

"నావేనండి."

"అయితే పట్టాదారు మీ స్వాధీనంలో ఉన్నట్టే. పొలం మీకు రాస్తాం. ఆ మిగిలిన మనిషిని కూలీ కింద చూపించండి."

ఇప్పుడు బొమ్మ సన్యాసినాయుడి ముందుగదిలో, కిటికీకి ఎదురుగా వేలాడుతోంది. మనిషి పొద్దున్నే జీడితోటకి పోయి, చేతులతో తడుముకుంటూ పని చేసొస్తాడు. వాటికి ఆ నేల తెలుసు. చూడ్డానికొచ్చిన వాళ్ళంతా ఆ పెదవి మూల గుంట దగ్గర ఆగి, ఆహా అంటారు. గోడమీదున్న పోలినాయుడికీ తప్పు పట్టడానికేమీ కనిపించదు.

ఈమధ్య స్టూలు మీద అప్పలనర్సమ్మ కూర్చుంటోంది. చెవులూ ముక్కూ దిగాయి. కళ్ళ దగ్గర సన్యాసినాయుడు తడబడుతుంటే, గోడ మీదనుంచి పోలినాయుడే అన్నాడు:

"గడ్డం కాస్త ఎత్తవే, వెలుగు పడతాది."

ఆమె ఎత్తింది. ఆ మెట్ట పక్కనే ఆమె పేరున ముప్పై సెంట్లుంది. ఇప్పటిదాకా పోయింది మాత్రం ఎకరా పదిహేడు సెంట్లే.