ఒబడయా కోటు, విన్సర్ ఓటు

ఆ ఉదయం ఆంబ్రోస్ ఫజ్ పెట్టుకున్న పని చిన్నదే: చచ్చిపోయినవాడి చేత ఓటు వేయించడం. టీలో మొలాసిస్ పాకం కలుపుకుంటూ ఆ పనిని ఇంకా ఓటు వయసు రాని బావమరిది జోబ్‌కి అప్పజెప్పాడు.

"ఒబడయా పెళ్ళాం కెజయా ఇంటికెళ్ళు. తలుపు వెనక మేకుకి వాడి పసుపు నూనెగుడ్డ కోటుంటుంది. తొడుక్కో. టోపీ కళ్ళ మీదికి లాక్కో. బడిలోకొచ్చి 'ఒబడయా స్టక్లెస్, విన్సర్‌కి' అని ఒక్క కేకేసి వెళ్ళిపో."

"కెజయా వదిన చూస్తే?"

"వాళ్ళక్కింట్లో ఉన్ని వడుకుతూ ఉంటుంది."

"ఊరివాళ్ళు గుర్తుపడితే?"

"గుర్తుపట్టాలనే కదరా. ఆ కోటు చూసి ఒబడయానే వచ్చాడనుకుంటారు. అలా వచ్చినవాడితో ఎవడైనా నోరు మెదుపుతాడా?"

ఎవడూ మెదపడు. మా స్కల్పిన్ రేవులో సముద్రం మింగినవాళ్ళు అప్పుడప్పుడు పొగమంచులో నడిచి వస్తారు. వస్తే దారికి అడ్డం నిలబడకూడదు, పలకరించకూడదు. ఎడమ జేబు బయటికి తిప్పి, అందులో ఉంచుకున్న రొట్టెముక్క నేలమీద పడేసి, వాళ్ళు వెళ్ళేదాకా నోరు మూసుకోవాలి. పట్నం నుంచి వచ్చిన ఎన్నికల అధికారి క్విగ్లీ దొరకి ఊళ్ళో బతికున్నదెవరో, పోయిందెవరో తెలియదు. తెలిసినవాళ్ళు మాట్లాడరు. పథకానికి ఎక్కడా చిల్లు లేదు.

న్యూఫౌండ్‌లాండ్ కెనడాతో కలవాలా, విడిగా ఉండాలా అని ఎన్నికలొచ్చిన ఏడాది అది. కలుద్దామనేవాడు విన్సర్. వద్దనేవాడు రెండెల్. ఆంబ్రోస్‌కి కెనడా ఏ దిక్కున ఉందో కూడా పట్టదు. కొండకొమ్మున కట్టిన కొత్త దీపస్తంభానికి కాపలాదారుగా వేయిస్తానని విన్సర్ మాటిచ్చాడు, అంతే. ఆంబ్రోస్ పడవ ఎక్కితే వాంతులే. అది ఎప్పుడూ ఉన్న జబ్బే. కానీ మొన్న వసంతంలో గడ్డకట్టిన సముద్రం మీద సీల్ జంతువుల వేటకి వెళ్ళినప్పుడు, పక్కనే నడుస్తున్న ఒబడయా కాలికింద మంచుపలక చీలింది. ఒబడయా చెయ్యి చాచాడు. ఆంబ్రోస్ కూడా చాచాడు. రెండు చేతుల మధ్య నీళ్ళు నల్లగా వెడల్పయ్యాయి. ఆనాటి నుంచి నీళ్ళు చూస్తేనే అతను వెనక్కి తిరిగిపోతున్నాడు. వేటకి పోలేనివాడికి మా రేవులో వేరే బతుకు లేదు. దీపం దొరక్కపోతే ఇంట్లో దీపం వెలగదు.

బడిలో పోలింగుకి జనం చేరుతున్నారు, మొదటి ఓటు ఇంకా పడలేదు. మా దగ్గర ఓటంటే కేకే. పదిమందిలో నిలబడి తన పేరు, తనకు కావలసినవాడి పేరు గట్టిగా చెప్పాలి, దొర రాసుకుంటాడు. బయట పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, లోపలికొచ్చే ప్రతివాడూ ముందు బూట్లు, తర్వాత నడుము, ఆఖరున మొహం అన్నట్టు వాయిదాల మీద వస్తున్నాడు. రేవులో ముప్పాతిక వంతు జనం విన్సర్ వైపే. ఆంబ్రోస్ మనసులో అప్పుడే మెట్లెక్కి దీపం తుడుస్తున్నాడు.

తలుపులో పసుపు కోటు కనిపించింది.

రెండెల్ తరఫు మనిషి టోబయస్ అడ్డుచెప్పడానికి నోరు తెరిచి, కోటు చూసి, మూసుకున్నాడు. అతని ఎడమ జేబు బయటికొచ్చింది. గది నిండా జేబులు కుక్కచెవుల్లా వేలాడాయి. రొట్టెముక్కలు టపటపా రాలాయి.

"ఒబడయా స్టక్లెస్," అన్నాడు వచ్చినవాడు, గొంతులో ఇసుక ఉన్నట్టు. "విన్సర్‌కి."

అందరి మొహాలూ ఒకసారి చూసి, వెనక్కి తిరిగి మంచులోకి వెళ్ళిపోయాడు. నిలబడ్డచోట నీటిమడుగు మిగిలింది. జేబు తిప్పనివాడు ఆంబ్రోస్ ఒక్కడే. నవ్వు ఆపుకోలేక చస్తున్నాడు. 'కోటు నీళ్ళలో ముంచి మరీ తెచ్చాడు వెధవ,' అనుకున్నాడు. జోబ్ ఇంత పొడుగెప్పుడయ్యాడో మాత్రం అర్థం కాలేదు.

తర్వాతి వంతు జెబెడీ ముసలాయనది. విన్సర్ పార్టీ జెండా మోసినవాడు.

"రెండెల్‌కి," అన్నాడు.

ఆంబ్రోస్ ఆయన్ని పక్కకి లాగాడు. "అదేంటి మామా, నిన్నటిదాకా విన్సర్ విన్సర్ అన్నావుగా?"

"నిన్నటికి వాణ్ణి నీళ్ళు పిలవలేదురా. ఒబడయా నోట ఎవరి పేరొచ్చిందో వినలేదూ? ఆ పేరుగలవాణ్ణి సముద్రంలోకి తీసుకుపోవడానికే వచ్చాడు. ఆ పిలుపుకి ఇంకో గొంతు కలిపితే, ఆ గొంతు కూడా వెంటపోతుంది. నాకింకా చలికాలానికి కట్టెలు కొట్టుకునే పనుంది."

ఆ మాట గది చుట్టివచ్చింది. అంతే, రెండెల్, రెండెల్, రెండెల్. విన్సర్ సొంత మేనమామ కూడా దొర ఎదుట నిలబడి "రెండెల్" అన్నాడు.

"మామా, వచ్చింది ఒబడయా కాదు," అన్నాడు ఆంబ్రోస్ గుసగుసగా.

"మరెవడు?"

చెబితే జైలు. చెప్పకపోతే సముద్రం. ఇంకో నలుగురు 'రెండెల్' అనేదాకా ఆంబ్రోస్ ఓర్చుకున్నాడు. ఆ పైన బల్ల ఎక్కాడు.

"అయ్యలారా, వినండి. అది దయ్యం కాదు, మా జోబ్‌గాడు. దొంగ ఓటు వేయించింది నేనే. దొరా, నన్ను జైల్లో పెట్టించండి. వీళ్ళని మాత్రం విన్సర్‌కి వెయ్యమనండి."

తలుపు తెరుచుకుంది. జోబ్ రొప్పుతూ వచ్చాడు, తన సొంత ఉన్ని చొక్కాతో, పొడిగా.

"బావా, కోటు మేకుకి లేదు. ఇల్లంతా వెతికాను. వాళ్ళక్కింటికెళ్ళి కెజయా వదిన్ని అడిగితే పొద్దున ఉన్న కోటు ఏమైందంటూ నన్నే దొంగంది."

నేలమీది మడుగులోంచి నీళ్ళు పలకల సందుల్లోకి మెల్లగా దిగుతున్నాయి. సముద్రపునాచు వాసన వచ్చింది.

"అయితే ఇందాక ఓటేసిందెవరయ్యా?" అన్నాడు క్విగ్లీ దొర.

దొర కలం ముంచాడు. "సరే. ఇంకా వెయ్యనిది నువ్వొక్కడివే, ఫజ్. చెప్పు."

ఆంబ్రోస్ నోరు తెరిచాడు. వి అనే అక్షరానికి పెదవి పంటికి ఆనింది. కళ్ళముందు చాచిన చెయ్యి కనిపించింది. ఎడమ జేబు దానంతటదే బయటికి తిరిగింది.

"రెండెల్‌కి," అన్నాడు.

సాయంత్రానికి సంగతి తెలిసింది. ఒబడయా తన ఇంటిముందు కట్టెలు కొడుతున్నాడు. పోర్చుగల్ ఓడ ఏదో అతన్ని ఆ వసంతంలో మంచు మీంచి ఎత్తుకుపోయిందట, పొద్దున్నే దింపిపోయిందట. "ఇంటికొస్తే ఎవరూ లేరు. కోటేసుకుని మనుషుల్ని చూద్దామని బడికొచ్చా, ఓటు కూడా వేశా. ఒక్కడూ పలకరించలేదు. విన్సర్‌కి వేశానని ఇంత పగా?" అని భార్య దగ్గర వాపోయాడు. ఆ రోజు రేవులోకి ఓడ వచ్చినట్టు ఎవరూ చూడలేదు. పొగమంచులో ఏ ఓడ కనబడుతుంది గనక.

విన్సర్ ఓడిపోయాడు. మా రేవులో అతనికి పడింది ఆ ఒక్క ఓటే. తనను గెలిపించిన ఆ ఓటరుకి రెండెల్ కృతజ్ఞతగా దీపస్తంభం ఉద్యోగం ఇప్పించాడు. వెయ్యని దొంగ ఓటుకి శిక్ష ఎలా వెయ్యాలో తెలియక దొర ఆంబ్రోస్‌ని వదిలేశాడు. ఆంబ్రోస్ రోజూ పడవెక్కుతున్నాడు, కళ్ళు మూసుకుని.

ఒబడయా మంచి కాపలాదారేనని అందరూ ఒప్పుకుంటారు, రాత్రంతా రెప్ప వెయ్యడని. పొయ్యి పక్కనే ఎన్నాళ్ళు వేలాడదీసినా ఆ కోటు మాత్రం ఆరడం లేదని కెజయా గొణుగుతూ ఉంటుంది.