వంటింట్లో రెండో ముక్కు

మావారికి ముక్కు ఉంది. కాకపోతే అది కళ్లజోడు ఆన్చుకోవడానికే! పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతున్నా పక్క గదిలో నిశ్చింతగా పేపరు చదువుకోగల స్థితప్రజ్ఞుడు. అలాంటి మనిషికి ఉద్యోగం ఎక్కడంటారు? విషవాయువులను పసిగట్టే సెన్సర్లు తయారుచేసే ల్యాబులో!

అక్కణ్ణుంచి ఒకటి తెచ్చి మా వంటింటి గోడకు తగిలించారు. అగ్గిపెట్టెంత ఉంటుంది. లోపల వెంట్రుక కన్నా వేల రెట్లు సన్నని నానో తీగలట. పాత సెన్సర్లకు సెగ పెడితేగానీ వాసన తెలిసేది కాదట. ఇది గది ఉష్ణోగ్రతలోనే పనిచేస్తుందట. అన్నీ 'అట'లే, నాకేం తెలుసు! నా డిగ్రీ కూడా కెమిస్ట్రీయేనన్న సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తులేదు లెండి.

సోదరీమణులారా, ఈ పెట్టె ఒక వరం! ఉల్లిపాయలు వేయిస్తే కుయ్యిమంటుంది. అత్తయ్య మోకాళ్లకు బామ్ రాసుకుని అటుగా వస్తే కుయ్యిమంటుంది. అయితేనేం? అది అరిచిన ప్రతిసారీ మావారు పడుతూ లేస్తూ పరిగెత్తుకొస్తారు! పెళ్లయినప్పటి నుంచి "ఒక్కసారి ఇలా రండి" అని నేను పిలిస్తే ఎన్నడైనా కదిలారా? ఇప్పుడు పై అరలో డబ్బా అందాలన్నా, సిలిండర్ జరపాలన్నా నా గొంతు అరగక్కర్లేదు. నెయిల్ పాలిష్ రిమూవర్ మూత తీసి దాని ముందు పెడితే చాలు!

మొన్న ఆదివారం మాత్రం పేచీ వచ్చింది. వరసగా రెండు కుక్కర్లు దించాను. వంటిల్లంతా ఆవిరి. అందులోంచి గుప్పుమని గ్యాస్ వాసన! సెన్సర్ వైపు చూస్తే, కిమ్మనడం లేదు.

"ఏవండీ, గ్యాస్ లీకవుతోంది!"

హాల్లో మావారు ఫోన్‌లో సెన్సర్ యాప్ చూసుకుని, "రీడింగ్ సున్నా చూపిస్తోందోయ్. నీ భ్రమ" అన్నారు.

"ఒరేయ్, నాక్కూడా వస్తోందిరా" అన్నారు ఆయన పక్కనే కూర్చున్న అత్తయ్య.

"అది నీ బామ్ వాసనమ్మా!"

చూశారా సైన్సు! రెండు ముక్కులు కలిసి ఒకే మాట చెబితే భ్రమ. గోడమీది పెట్టె నోరు మూసుకుంటే రీడింగ్!

స్టవ్వు ఆర్పి, రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు బార్లా తెరిచాను. అప్పుడు తీరిగ్గా వచ్చి ఎగ్జాస్ట్ ఫ్యాన్ స్విచ్ మీద చెయ్యి వేయబోయారు మా గ్యాసు శాస్త్రవేత్త! "ముట్టుకోకండి, నిప్పురవ్వ లేస్తుంది!" అని నేను అరిచిన అరుపు మాత్రం, ఇన్నేళ్లకు, ఆయన చెవిన పడింది.

గాలి ఆడాక ట్యూబు వంచి చూపించాను. వెనకవైపు పగులు. గోరు దిగబడుతోంది.

ఆయన మొహం పాలిపోయింది. "ల్యాబులో బ్రహ్మాండంగా పనిచేసిందే... ఆవిరికి మొద్దుబారినట్టుంది. గది ఉష్ణోగ్రత అంటే మాకు అక్కడ ఏసీ..."

"వంటిల్లు గది కాదా అండీ?"

ఆవిరంతా పోయిందేమో, గోడమీది పెట్టెకు అప్పుడు తెలివొచ్చి, మిగిలిన కాస్త గ్యాసుకే కుయ్యిమంది. ఆయన అలవాటుగా దాని వైపు ఒక అడుగు వేసి, ఆగి, నా వైపు తిరిగారు.

"తప్పు నాదే. గది అంటే నా గదే అనుకున్నాను. నువ్వు పిలిచినప్పుడే రావాల్సింది."

"కాస్త గట్టిగా చెప్పరా, హాల్లోకి వినపడలేదు!" అన్నారు అత్తయ్య.