వీరన్‌కు మూడు రోజుల వైద్యం

సోమవారం పొద్దున చెల్లత్తాయి వేసుకున్న పథకం చిన్నదే. కంటి ఆపరేషన్‌కని తిరునల్వేలిలోని తమ్ముడింటికి బయల్దేరిన భర్త ఆవుడయప్పన్ గురువారం తిరిగి వచ్చేలోగా వీరన్‌కు ధైర్యం నేర్పాలి. వీరన్ రాజపాళయం జాతి కుక్క. ఆ జాతి పేరు వింటే దొంగలు సందు మార్చుకుంటారని శ్రీవిల్లిపుత్తూరులో అందరికీ తెలుసు. వీరన్‌కే తెలియదు. చీపురు కనిపిస్తే మంచం కిందికి, కుక్కరు కూస్తే బీరువా వెనక్కి పోయేది.

బస్సెక్కే ముందు ఆవుడయప్పన్ తేల్చి చెప్పాడు. "నేనొచ్చేసరికి అది ఒక్కసారైనా మనిషిని చూసి మొరగాలి. లేదంటే గురువారం కోవిల్‌పట్టి బావ వ్యాను తెస్తాడు, తోటకి పట్టుకుపోతాడు."

చెల్లత్తాయికి ఎవరినీ సాగనంపడం చేతకాదు. ఎవరైనా ఊరెళితే, బస్సు మలుపు తిరిగాక కూడా చెయ్యి ఊపుతూ నిలబడే మనిషి. ఆ రోజే పశువుల ఆసుపత్రికి నడిచింది.

అక్కడి కాంపౌండరు ముత్తుకరుప్పన్ వైద్యం చెప్పాడు. "మూడు రోజులు దానికి భయమేసేవన్నీ ఆపండమ్మా. చీపురు వద్దు, కుక్కరు వద్దు, టీవీ వద్దు. తలుపులు తీసి పెట్టండి. కొత్తవాళ్లు రావాలి, కానీ పలకరించకూడదు, దాని కళ్లలోకి చూడకూడదు. చాప మీద పది నిమిషాలు కూర్చుని, ఓ రొట్టెముక్క పడేసి లేచిపోవాలి. గుమ్మంలో నిలబడి 'వెళ్లొస్తా' అని కేకలు అసలొద్దు. దాని గుండె గుభేలుమనేది అక్కడే. మనుషుల్ని నేను పంపిస్తాలెండి."

మంగళవారం ఎదురింటి పేచ్చియమ్మ అన్నీ చూసింది. చెల్లత్తాయి వాకిలి ఊడ్వలేదు, ముగ్గు పెట్టలేదు. వంట చప్పుడు లేదు. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. ముగ్గురు మగవాళ్లు తల వంచుకుని లోపలికెళ్లి, చాప మీద కూర్చుని, వెళ్లొస్తామని ఒక్క మాటైనా అనకుండా లేచి వచ్చేశారు. ఆవుడయప్పన్‌కు ఫోను చేస్తే పలకలేదు.

"కంటి ఆపరేషన్‌కి ప్రాణం పోతుందటే?" అన్నాడు ఆమె భర్త.

"మా మేనత్త పన్ను పీకించుకోడానికెళ్లి పోలేదూ?" అని పేచ్చియమ్మ సాంబారన్నం కలిపి క్యారియరులో పెట్టుకుని బయల్దేరింది.

"పొయ్యి వెలిగించవని తెలుసు వదినా. కాస్త తిను."

వీరన్ వైద్యం సంగతి వీధిలో తెలిసిపోయిందని చెల్లత్తాయి సంతోషించింది.

"అన్నయ్యని తీసుకొచ్చేదెప్పుడు?"

"గురువారం. మా మరిది కారెక్కించి పంపిస్తాడు."

"అన్నాళ్లు ఆగాలా?"

"డాక్టర్లు వదలొద్దూ?"

"తరవాత?"

"కోవిల్‌పట్టి వ్యాను వస్తుంది, తోటకి తీసుకుపోతారు. నా చేతుల్లో ఏముంది పేచ్చీ? ఈలోగా ఏదైనా జరిగితే తప్ప."

"ఇంకా జరగడానికేముంది వదినా," అని పేచ్చియమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చెప్పకుండానే లేచి వెళ్లిపోయింది. ఎంత బాగా నేర్చుకుందో అనుకుంది చెల్లత్తాయి.

బుధవారం వీధి వీధంతా వచ్చింది. ఎవరూ పలకరించలేదు, కళ్లెత్తి చూడలేదు. ముందొచ్చినవాళ్లు రొట్టెముక్కలు వేసి వెళ్లారు కాబట్టి, అది ఆ ఇంటి ఆచారమనుకుని తలా ఒక ముక్క వేశారు. కాంపౌండరు ఇంతమందిని పంపించాడని చెల్లత్తాయి మనసులోనే దణ్ణం పెట్టుకుంది. సాయంత్రానికి వీరన్ మంచం కింద నుంచి వచ్చి, ఒక ముసలాయన ఒళ్లో తల పెట్టింది. అది చూసి చెల్లత్తాయి కళ్లు తుడుచుకుంది. ఆమెను చూసి జనం కూడా తుడుచుకున్నారు.

గురువారం ఎనిమిది గంటలకు ఆవుడయప్పన్ కారు దిగాడు. కళ్లకు నల్లద్దాలు, ఒంటినిండా ఆసుపత్రి వాసన. వాకిట్లో వీధివాళ్లు పాడెకని తెచ్చిన వెదురుబొంగులు, బుట్టెడు పూలదండలు, లోపల నలభై మంది.

"ఎవరే పోయింది?" అని గుమ్మంలోంచి అరిచాడు.

పేచ్చియమ్మ ఉన్నచోటే కూలబడింది. వీరన్ మాత్రం లేచింది. మూడు రోజులుగా అది చూసినవాళ్లంతా మర్యాదస్తులు. కేకలు వేస్తున్నది ఇతనొక్కడే. గుమ్మానికి అడ్డంగా నిలబడి, వీధి చివరి టీ కొట్టు దాకా వినిపించేలా మొరిగింది. ఆవుడయప్పన్ వెనక్కి వెనక్కి నడిచి దండల బుట్టలో కూర్చున్నాడు. పోయింది ఆయనేననుకున్నామని జనంలోంచి ఎవరో చెప్పారు.

"మొరిగిందండీ," అంది చెల్లత్తాయి. "మనిషిని చూసే మొరిగింది."

"నేనింకా మనిషినేనా? చచ్చానన్నారుగా."

అప్పుడే వచ్చి ఆగిన వ్యానులోంచి కోవిల్‌పట్టి బావ తల బయటపెట్టాడు. "పిరికిదన్నది దీన్నేనా బావా? నేను బండి దిగను."

"దిగొద్దులే. అది ఎక్కడికీ రాదు," అన్నాడు ఆవుడయప్పన్, పంచెకు అంటిన బంతిరేకులు దులుపుకుంటూ.

మధ్యాహ్నం దాకా ఆయన కోప్పడుతూనే ఉన్నాడు. ఆ తరవాత గొంతు తగ్గించి, ఎవరెవరు వచ్చారని అడిగాడు. చెల్లత్తాయి ఒక్కో పేరూ చెప్పింది. ఆఫీసులో ముప్పై ఏళ్లు పక్క కుర్చీలో కూర్చున్న ఇసక్కిముత్తు పేరు అందులో లేదు.

ఇసక్కిముత్తుతో ఆయన ఇప్పటికీ మాట్లాడడు.