పొగ వాసన

ఆ ఉదయం డ్రైవింగ్ మాస్టారి భార్య పెట్టుకున్న పని ఒక్కటే: మొగుడి చొక్కాలన్నీ టైలరుకిచ్చి బిగుతు చేయించడం. లావు తగ్గడానికి కడుపు కోసి చిన్నది చేసే ఆపరేషనై ఏడాది కావస్తోంది. ఇప్పుడా చొక్కాల్లో ఆయనతోపాటు ఇంకొకరు హాయిగా కాపురం ఉండొచ్చు. నిన్నటి చొక్కా చేతిలోకి తీసుకోగానే గుప్పుమంది. సిగరెట్టు వాసన!

"మళ్లీ సిగరెట్టు ముట్టుకుంటే కడుపులో కుట్టు దగ్గర పుండు పడుతుంది" అని డాక్టరు హెచ్చరించాకే ఆయన మానేశాడు. డాక్టరు ఇంకా ఏవేవో జాగ్రత్తలు చెప్పాడు గానీ, ఆమె మనసులో నాటుకున్నది ఇదొక్కటే.

"ఏమండీ, ఏంటిది?"

"కారు నేర్చుకునే కాంట్రాక్టరు తాగుతాడే! పక్కన కూర్చునేది నేనేగా!"

"మరి తేలుకుట్టిన దొంగలా ఆ మొహమేంటి?"

అది నడుంనొప్పి మొహం. రోజంతా కారు సీట్లో కూర్చుని నెలరోజులుగా బాధపడుతున్నాడు. కోపం కోపమే, నొప్పి నొప్పే. ఆమె తన మోకాళ్ల నొప్పికి వాడే మాత్ర ఒకటి రోజూలాగే ఆయన చేతిలో పెట్టి, అన్నయ్యకు ఫోన్ చేసింది. అన్నయ్య కానిస్టేబులు.

"ఊదు బావా" అన్నాడాయన వస్తూనే.

ఊదాడు.

"ఏ వాసనా లేదు. అంటే బాగా ముదిరాడన్నమాట. మళ్లీ ఊదు!"

మధ్యాహ్నం దాకా ఊదీ ఊదీ, తల పగిలిపోతోందన్నాడు మాస్టారు. జాలిపడి కానిస్టేబులు జేబులోంచి ఒక నొప్పి మాత్ర తీసిచ్చాడు. ఆ సంగతి తెలియని మాస్టారి తల్లి, కొడుకు తల పట్టుకోవడం చూడలేక ఇంకొకటి మింగించింది.

సాయంత్రం మాస్టారికి పొట్టలో మెలిపెట్టింది. కాఫీపొడిలాంటి నల్లటి వాంతి చూసి భార్య అందరినీ కేకేసి ఆయన్ని ఆస్పత్రికి చేర్చింది. ఆస్పత్రి వరండాలో మూసిన తలుపు వంక చూస్తూ, "తాగితే తాగారు, ప్రాణాలతో రండి చాలు" అని గొణుక్కుంటూ కూర్చుంది.

కడుపులోకి గొట్టం వేసి చూసిన డాక్టరు ఎట్టకేలకు బయటికొచ్చాడు. "పుండే. రక్తం ఆగింది, ప్రాణానికి భయం లేదు."

"సిగరెట్టే కదండీ?" కానిస్టేబులు ముందుకొచ్చాడు.

"దానివల్లా వస్తుంది. నొప్పి మాత్రలవల్లా వస్తుంది. అవి వెయ్యొద్దని ఆపరేషనప్పుడే చెప్పాం. ఎవరన్నా ఇచ్చారా?"

భార్య, కానిస్టేబులు, తల్లి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నేనే... నెల్లాళ్లుగా" అంది భార్య.

"ఇవాళ నేనూ ఒకటి" అన్నాడు కానిస్టేబులు నేల చూపులు చూస్తూ.

"అయ్యో, నేనూ ఇచ్చానర్రా!" అంది తల్లి.

అప్పుడే స్ట్రెచరు మీద బయటికొచ్చిన మాస్టారు నీరసంగా కళ్లు తెరిచాడు. "సిగరెట్టు ఇచ్చిన పుణ్యాత్ముడు మాత్రం ఒక్కడూ లేడు డాక్టరుగారూ."

భార్య ఆయన చెయ్యి పట్టుకుని ఏడుస్తూనే నవ్వింది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఎవరికి తలనొప్పి వచ్చినా పైకి చెప్పడం లేదు.