స్థిరపాద పథకంలో మొదటి బహుమతి

అరవై దాటిన స్థూలకాయ స్త్రీలు పడిపోకుండా ఉండేందుకు 'స్థిరపాద పథకం' ప్రారంభించినట్టు తెలియజేయడానికి అధికారులు సంతోషించారు. శిక్షణ హాలు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. ఎక్కగలిగినవాళ్లే చేరతారు గనక ఫలితాలు మొదటి రోజునుంచే ఆశాజనకంగా ఉన్నాయి.

ముప్ఫై ఏళ్లు చొక్కాల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టిన గుండీలమ్మ కూడా ఆయాసపడుతూ ఎక్కింది. ఆర్నెల్ల కిందట ఆవిడ స్నానాలగదిలో జారిపడింది. అప్పటినుంచి కొడుకు మెట్లు ఎక్కనివ్వడం మానేశాడు. పథకం మెట్లు మాత్రం వేరు. వాటిమీద పడితే బాధ్యత వాళ్లది.

"సర్టిఫికెట్ తెచ్చుకోమ్మా, అప్పుడు పెద్దమ్మ దగ్గరికి వెళ్దువుగాని" అన్నాడు కొడుకు.

పెద్దమ్మ అంటే గుండీలమ్మ అక్క. ఎదురు భవనం నాలుగో అంతస్తులో మంచాన ఉంది. అమ్మ పోయినప్పుడు గుండీలమ్మ పాలకి వెళ్లి ఉంది. మొగుడు పోయినప్పుడు మందులకి వెళ్లి ఉంది. ఈసారైనా ఎక్కడికీ వెళ్లకుండా పక్కనే ఉండాలని ఆవిడ ఆరాటం.

ప్రారంభోత్సవంలో ముఖ్య అతిథి మాట్లాడారు. "స్త్రీ నిలబడితేనే సమాజం నిలబడుతుంది" అని కుర్చీలోంచి లేవకుండా నలభై నిమిషాలు చెప్పారు. కుర్చీలు అతిథులకే సరిపోయాయి గనక స్త్రీలు నిలబడి విన్నారు. దాన్ని మొదటి పాఠంగా రాసుకున్నారు.

రెండో పాఠం ఒంటికాలిమీద నిలబడటం. నేర్పే అమ్మాయి పుల్లలా ఉండేది.

"కుర్చీ వదిలెయ్యండి పిన్నిగారూ."

"వదిలితే పోతుందేమోనమ్మా."

"కుర్చీ ఎక్కడికి పోతుందండీ?"

"అందరి గురించీ అలాగే అనుకున్నాను."

అయినా వదిలింది. ముందు ఒక చెయ్యి, తర్వాత రెండోది, చివరికి చూపుడువేలు. మడమకి బొటనవేలు తగిలిస్తూ గీతమీద నడిచింది. పన్నెండో వారానికి ఒంటికాలిమీద ఇరవయ్యొక్క సెకన్లు నిలబడింది. పక్కావిడ కుళ్లుకుని, "కొంగవా ఏంటి వదినా" అంది.

పరీక్ష రోజున గుమస్తా రిజిస్టరు తెరిచాడు. అది అంతకుముందు మూతపడిన సన్నబడే పథకానిది. కాగితం వృథా కాకూడదని వాడుతున్నారు.

"బరువెంత తగ్గారు?"

"ముప్పావు కిలో. ఇరవయ్యొక్క సెకన్లు నిలబడ్డాను బాబూ."

"నిలబడటానికి గడి లేదండి. ముప్పావు కిలో అంటే మీకు నిలకడ రానట్టే." అని ఆవిడ పేరు కొట్టేసి, మొదటి బహుమతి ప్రకటించాడు. అది గుండీలమ్మ అక్కది.

పేర్లు రాసుకునేవాళ్లు వచ్చినరోజు అక్క ఇంటి తలుపు తీసి ఉండటంతో ఆవిడ పేరూ ఎక్కింది. ఒక్కరోజూ క్లాసుకి రాలేదు. ముద్ద మింగుడుపడక పధ్నాలుగు కిలోలు తగ్గింది. ఇంటికొచ్చే నర్సు ఆ లెక్క నిజాయితీగా పంపింది.

"విజేత రాలేదా?" అన్నారు ముఖ్య అతిథి.

"లేవలేదండి" అంది గుండీలమ్మ.

"వినయం" అని ఆయన చప్పట్లు కొట్టారు. చెల్లెలివి గనక తీసుకెళ్లమని సర్టిఫికెట్ ఆవిడ చేతికే ఇచ్చారు.

ఇంటిదగ్గర కొడుకు ముద్ర చూశాడు, సంతకం చూశాడు, తగ్గిన కిలోలు చూశాడు. పేరు చూసే తీరిక లేకపోయింది. తల్లివైపు ఒకసారి చూసి, "నిజమేనమ్మా, బాగా చిక్కావు. వెళ్లిరా" అన్నాడు.

నాలుగు అంతస్తులూ ఎక్కింది. ఎక్కడా కమ్మీ పట్టుకోలేదు. అక్క కళ్లు తెరిచి, "ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావే?" అంది.

"నిలబడటం నేర్చుకోడానికి" అని మంచం పక్కన ఒంటికాలిమీద నిలబడి చూపించింది. అక్క వేళ్లమీద లెక్కపెడుతూ, పదకొండు దగ్గర ఆగిపోయింది. గుండీలమ్మ కాలు దించి, ఆ చెయ్యి పట్టుకుంది. ఈసారి ఎక్కడికీ వెళ్లలేదు.

పథకం తుది నివేదికలో మొదటి బహుమతి గ్రహీత గురించి ఒక వాక్యం ఉంది: 'శిక్షణ తర్వాత ఈమె ఒక్కసారి కూడా పడిపోలేదు.' మనం పన్నులు కట్టేవాళ్లం గనక అది చదివి తృప్తిపడ్డాం.