పండ్రెండవ పుటపై దండయాత్ర

ఓ ఇత్తడి గంటా! నీ నాలుక ఒక్కసారి కదలినచో మూడువందల నాలుకలు ఒక్కుమ్మడి విప్పుకొనును. మరల కదలినచో ఆ మూడువందలును మూతపడును. పలుకుటయు, పలుకకుండుటయు నీ అధీనములు గనుక ఈ వీరగాథ చెప్పబూనిన నాకు నీవే దిక్కు. గురువారము, మూడవ పీరియడు, పది గంటల నలుబది నిమిషములు. సూర్యభగవానుడు కిటికీ ఊచల సందునుండి దూరి ఒకటవ తరగతి బి సెక్షను నేలపై చారలు చారలుగా పవళించియున్న శుభముహూర్తమున, సుద్దధూళి ధూసరితులును, పెన్సిలుపొట్టు భూషితులును, చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకొన్నవారును, సగటున ఆరేండ్ల ప్రాయమువారును అగు ఇరువదితొమ్మండుగురు మహాయోధులు ఎనుబదినాలుగు అడుగుల వరండాను జయింప సన్నద్ధులైన వృత్తాంతమును చిత్తగింపుడు.

ఆ సేనలో వెనుకవరుసన నిలుచున్నది మన కథానాయిక. తల్లిదండ్రులు పెట్టిన పేరు హాజరుపట్టీకి మాత్రమే తెలియును. లోకమంతయు ఆమెను వసపిట్ట యనియే పిలుచును. అబ్బో, ఆ నోటి ప్రతాపము ఏమని చెప్పుదును! గోడతో మాటాడును; గోడ బదులీయకున్నచో గోడ పక్షమునకూడ తానే మాటాడును. పెన్సిలు చెక్కుచు, నొప్పి పుట్టుచున్నదేమో యని పెన్సిలును ఓదార్చును. ఒకమారు జ్వరము చూచుటకై తల్లి ఆమె నోట థర్మామీటరు పెట్టగా, ఎంత జ్వరముందో తానే చెప్పబోయి దానిని నేలపాలు చేసినది. అట్టి నోరు ఈ యుద్ధమునకు కేంద్రము.

యుద్ధకారణమును విన్నవించెదను. లైబ్రరీ గదిలో, అద్దాల బీరువాలో, ఒక మేక పుస్తకము కలదు. ఆ మేకకు దారిలో ఒక పెట్టె దొరికినది. టీచరు చదువుచుండగా పదకొండవ పుట చివర, “మేక మెల్లగా మూత తీసింది. లోపల ఏముందంటే...” అన్నంతలో గంట మ్రోగినది. అంతే! నాటినుండి నాలుగు గురువారములు గడచినను మేక మూత తీసినది తీసినట్లే యున్నది. ఏలయన ఆ మరునాడే హెడ్మాస్టరు ఒక శాసనము చేసి వరండా గోడకు అంటించెను: “వరండాలో శబ్దము చేసినవారు తమ గదికి తిరిగిపోయి మరల మొదటినుండి బయలుదేరవలెను.” ఒక్కరు కిక్కురుమన్నచో సేన యావత్తును వెనుకకు మరలవలసినదే. “ముందు నోరు మూసుకోవడం వస్తే చదువు దానంతటదే వస్తుంది” అనునది ఆ మహనీయుని విద్యాసిద్ధాంతము. ఈ మౌనసిద్ధాంతమును ఆయన ప్రతి సోమవారము మైకు పట్టుకొని ముప్పావుగంట సేపు వివరించుచుండును.

మొదటి గురువారము ఎవరో తుమ్మిరి. తక్కిన మూడును వసపిట్ట పుణ్యమే. ఒకమారు “టీచర్, బల్లి!” అన్నది. ఇంకొకమారు “ఇంకెంత దూరం?” అన్నది. మూడవమారు, లైబ్రరీ గుమ్మము నాలుగడుగుల దూరమున నుండగా, ఆనందము పట్టలేక “టీచర్, నేను అస్సలు మాట్లాడట్లేదు చూడండి!” అన్నది. వెనుకకు పోవుట, వచ్చుట, పోవుట, గంట. నలుబది నిమిషములును కాళ్ళకే సరిపోయినవి.

“పోనీ టీచర్, ఆ పెట్టెలో ఏముందో మీరే చెప్పెయ్యండి” అని పిల్లలు బ్రతిమాలిరి.

“నాకు మాత్రం ఏం తెలుసురా? నేనూ మీతో పాటే అక్కడిదాకా చదివాను” అని టీచరు నిట్టూర్చెను. నాలుగు వారములుగా ఆమెయు ఇంట కూర తరుగుచు ఆ పెట్టెనే తలచుచున్నది పాపము.

ఇట్లుండగా బుధవారము పిడుగువంటి వార్త వచ్చెను. ఈ గురువారము కూడ బి సెక్షను లైబ్రరీ చేరకపోయినచో ఆ పీరియడు రద్దు. దాని స్థానమున ఎక్కాలు! నాలుగు వారములు పుస్తకముల గదికే పోలేనివారికి పుస్తకముల పీరియడు ఏల యని హెడ్మాస్టరు తర్కము. పోనీయనిది ఎవరో ఆ తర్కమున ఎక్కడను లేదు.

ఆ మధ్యాహ్నము నీళ్ళకుళాయి చెంత యుద్ధమంత్రాలోచన జరిగెను. రెండు జడలును రెండు రిబ్బన్లును ఆజ్ఞాపించుటకే పుట్టినవా యనదగిన క్లాసు లీడరు నడుమున చేతులుంచుకొని వసపిట్టను చూచినది.

“నువ్వు రేపు రావద్దు. నీకు జ్వరం.”

“నాకేం లేదే!”

“జ్వరం రావాలి. నువ్వొస్తే మళ్ళీ వాగుతావు. నీవల్లే పెట్టె తెరుచుకోవట్లేదు. వసపిట్ట రాకూడదు అన్నవాళ్ళు చేతులెత్తండి!”

ఇరువదితొమ్మిది చేతులు లేచినవి. అలవాటుకొలది వసపిట్ట చేయికూడ లేచినదని వేరుగ చెప్పనేల? లేచిన తన చేతిని తానే చూచుకొని, నెమ్మదిగ దించుకొని, ఆమె ఇల్లు చేరువరకు ఒక్క మాట ఆడలేదు. అమ్మమ్మ బెదిరిపోయినది.

“ఏమైందే? నోరు పడిపోయిందా ఏంటి?”

“అమ్మమ్మా, నాకు జ్వరం తెప్పించు” అని వసపిట్ట భోరుమన్నది. “రేపు పెట్టెలో ఏముందో అందరికీ తెలిసిపోతుంది. నాకొక్కదానికే తెలీదు. వాళ్ళు నాకు చెప్పరు కూడా.”

కథ సాంతము విని అమ్మమ్మ బుగ్గలు నొక్కుకొన్నది. “ఓసి పిచ్చిమొహమా! దీనికా ఏడుపు? వాగుడులో మీ అమ్మ నీకంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. చుట్టాలొచ్చినప్పుడల్లా నోటినిండా నీళ్ళు పోసుకుని కూర్చోమనేదాన్ని. బుగ్గల్లో నీళ్ళుంటే మాటెక్కడినుంచి వస్తుందే?”

ఆహా! శస్త్రాస్త్రములెన్ని యున్నను ఇంతటి అస్త్రము కలదా?

తెల్లవారెను. గురువారము వచ్చెను. జ్వరము రాలేదు, వసపిట్ట వచ్చెను. రెండవ పీరియడు చివర, టీచరు హాజరుపట్టీలో మునిగియున్న తరుణమున, ఆ వీరకన్య బల్లపై నిలిచి, మేఘగంభీరస్వనముతో, “ఓ పరాక్రమధనులారా! ఎన్నాళ్ళు మనమీ వరండాను కొలుచుచుందుము? జలమే మన కవచము! పుక్కిలియే మన కోట! బిగియించుడు బుగ్గలను!” అను భావము వచ్చునట్లు, “ఒరేయ్, అందరూ బాటిల్లో నీళ్ళు నోట్లో పోసుకోండి, మింగొద్దు, మింగినవాళ్ళు ఎలక!” అని గుసగుసలాడెను.

లీడరు క్షణకాలము ఆలోచించినది. ఆలోచన బాగున్నది, తనకు రాకపోవుట మాత్రము బాగులేదు. అయినను సీసా మూత తిప్పినది. ఇరువదితొమ్మిది సీసాలు పైకి లేచినవి. ఇరువదితొమ్మిది జతల బుగ్గలు పూరీలవలె పొంగినవి.

టీచరు తలయెత్తెను. తరగతిలో చీమ చిటుక్కుమనుట లేదు. తన ఉద్యోగజీవితమున ఇట్టి నిశ్శబ్దము ఎరుగని ఆమెకు గుండె గుభేలుమన్నది. “ఏమైందర్రా? అందరూ బాగానే ఉన్నారా?” ఇరువదితొమ్మిది తలలు ఊగినవి. ఆమె దగ్గరకు వచ్చి ఆ బుగ్గలను పరికించి, విషయము గ్రహించి, నవ్వు ఆపుకొనుటకై తానుకూడ పెదవి కరచుకొని, చేయి ముందుకు చాచెను. సేన కదలెను.

ఏమి ఆ దండయాత్ర! పది అడుగులు. ఇరువది. రెండవ తరగతి కిటికీలనుండి వైరిసేన తొంగిచూచి, బుగ్గలు పొంగించి వెక్కిరించినను ఒక్క వీరుడును చలింపలేదు. ముప్పదియవ అడుగున కుళాయి టప్పుటప్పుమని తమ్ముని పిలిచినట్లు నోటిలోని నీటిని పిలిచెను, లొంగలేదు. నలుబదియవ అడుగున సాక్షాత్తు ఆ పాత బల్లియే గోడమీద ప్రత్యక్షమై తోక ఊపెను. వసపిట్ట కన్నులు చక్రములైనవి, బుగ్గలు అదిరినవి, మాట గొంతువరకు వచ్చి నీటిని తాకి వెనుదిరిగినది. ఆమె ముందు నడచుచున్న బోసినోటి వీరుని స్థితి మాత్రము దయనీయము. సోమవారమే వాని ముందరి పండ్లు రెండును ఊడినవి. ఆ బురుజు కూలిన కోటనుండి నీరు సన్నని ధారగా గడ్డముమీదుగా చొక్కాలోనికి దిగుచుండగా, వాడు చేతితో అడ్డుకొనుచు, కన్నుల నీరు నింపుకొని, అయినను ఆగక నడచుచుండెను. వాహ్వా, వాడు మగధీరుడు!

అరువదియవ అడుగు. హెడ్మాస్టరు గది తలుపు కిర్రుమన్నది.

ఇస్త్రీ చొక్కాయే ఉక్కుకవచముగా, జేబులోని మూడు పెన్నులే మూడు శూలములుగా ఆ నిశ్శబ్దచక్రవర్తి బయటికి విచ్చేసెను. నిశ్శబ్దసేనను చూచి ఆయన మొగము చాటంతయైనది. తన సిద్ధాంతము ఫలించినది! ఆనందాతిశయమున చేతులు చాచి, “గుడ్ మార్నింగ్ పిల్లలూ!” అనెను.

హతవిధీ! పెద్దలు పలుకరించినచో బదులీయవలెనని మొదటి వారముననే నేర్పిరి. బదులీయవలెనన్న నోరు తెరవవలెను. తెరచినచో జలప్రళయము. మింగుడని చెప్పుదమన్న చెప్పుటకు నోరు ఖాళీగా లేదు. ఇరువదియెనిమిది జతల కన్నులు వెనుకకు, వసపిట్టవైపు తిరిగినవి. నిన్న ఆమెను వలదన్న కన్నులే అవి.

వసపిట్ట గట్టిగా కన్నులు మూసుకొన్నది. గుటుక్!

ఆ ఆజ్ఞ అందరకు అర్థమైనది. గుటుక్, గుటుక్, గుటుక్ అని వరుస పొడుగునా ఇరువదియేడు గుటకలు దొర్లినవి. “గుడ్ మార్నింగ్ సార్!” అని సేన ఏకకంఠమున పలికెను. బోసినోటి వీరుడు ఒక్కడే వెనుకబడెను. ఆ గుటకల వరుస వానికి చక్కిలిగింతలు పెట్టినది. పాపము, ఎంత ఆపుకొన్నను నవ్వు ఆగలేదు. ముందరి పండ్లు లేని ఆ ద్వారమునుండి జలబాణమొకటి వెలువడి, గురి తప్పక, హెడ్మాస్టరు జేబులోని మూడు పెన్నులను అభిషేకించెను.

“ఏయ్! ఏంటిది! ఎవడ్రా నువ్వు!”

ఆ గర్జనకు కిటికీ తలుపులు అదిరినవి. రెండవ తరగతిలో ఎవరో ఏడ్చిరి. నాలుగు వారములలో ఆ వరండాలో అంతటి శబ్దము ఎవ్వరును చేసియుండలేదు.

ఇదిగో, ఇక్కడనే నా కథానాయిక అసలు యుద్ధము. ఆమె నోట నీరు లేదు. కోట ఖాళీ. నాలుక కొనమీద, “సార్, మీరే శబ్దం చేశారు!” అను వాక్యము తోక త్రొక్కిన పిల్లివలె గింజుకొనుచున్నది. పుట్టి బుద్ధెరిగిన నాటినుండి ఆమెకు ఇంత మంచి మాట దొరికి యుండలేదు, దొరికిన మాటను ఆమె వదలియు ఉండలేదు. ముక్కుపుటములు అదిరినవి. చెవులు ఎర్రబడినవి. మేక కనబడెను, మూత కనబడెను. వసపిట్ట మాటాడలేదు. చూపుడువ్రేలు మెల్లగా పైకెత్తి తన పెదవులమీద నిలిపినది.

ఆమెను చూచి లీడరు వ్రేలు నిలిపినది. బోసినోటి వీరుడు తడిసిన వ్రేలు నిలిపెను. ఇరువదితొమ్మిది వ్రేళ్ళు, ఇరువదితొమ్మిది పెదవులు, అన్ని కన్నులును హెడ్మాస్టరుమీద.

టీచరు గొంతు సవరించుకొన్నది. నాలుగు వారములు తిరిగి తిరిగి నొప్పిపుట్టిన కాళ్ళు ఆమెకు ధైర్యమిచ్చినవి. “నీళ్ళు పడ్డప్పుడు చప్పుడేం కాలేదు సార్” అని మాత్రము పలికి, వినయముగా గోడమీది శాసనమువైపు చూచెను.

హెడ్మాస్టరుకూడ చూచెను. తన సంతకము తనకే కనబడెను. ఆయన నోరు తెరచెను. ఇరువదితొమ్మిది వ్రేళ్ళను చూచి మూసెను. జేబు పిండుకొనుచు తన గదిలోనికి వెనుదిరిగెను.

మిగిలిన ఇరువదినాలుగు అడుగులను సేన పెదవులు కరచిపట్టుకొని దాటెను. పది గంటల నలుబదియెనిమిది నిమిషములకు, నాలుగు వారముల తరువాత, లైబ్రరీ గడప త్రొక్కబడెను!

త్రొక్కబడెను గాని, గడప ఆవల లైబ్రరీ మేడమ్ కూర్చుండెను. ఆమె ముందు కొత్త రిజిస్టరు.

“కొత్త రూలండీ. ప్రతి ఒక్కళ్ళూ సొంత చేతిరాతతో పేరు, తరగతి, సెక్షను రాశాకే పుస్తకం తీయాలి.”

“ఒకటో తరగతండీ వీళ్ళు! అక్షరాలు ఇప్పుడిప్పుడే కూడబలుక్కుంటున్నారు” అని టీచరు వాపోయెను.

“నేనేం చెయ్యను చెప్పండి. పైవాళ్ళు అడిగేది పిల్లలు ఏం చదివారని కాదు, ఎంతమంది వచ్చారని.”

వ్రాసిరి. నాలుక బయటపెట్టి, మెడ వంచి, తలకట్టులు తప్పిపోగా చెరిపి, మరల దిద్ది, ఒక్కొక్కరు ఒక్కొక్క నిమిషము. లీడరు ఇంటిపేరుకూడ వ్రాసినది, రెండు నిమిషములు. వసపిట్ట వంతు అందరికంటె చివర వచ్చినది. గడియారమును చూచుచు వ్రాసినది. మాట మాత్రము లేదు.

పదకొండు గంటల పందొమ్మిది నిమిషములు. బీరువా తెరువబడెను. టీచరు కూర్చుండ తీరిక లేక నిలుచుండియే పండ్రెండవ పుట తిప్పెను.

“లోపల... ఇంకో పెట్టె ఉంది.”

నిశ్శబ్దము. ఈ నిశ్శబ్దమును ఎవ్వరును శాసింపలేదు.

“ఇంకో పెట్టా!” అని వసపిట్ట కేక పెట్టినది. బుధవారము మధ్యాహ్నమునుండి దాచుకొన్న నోరంతయు ఆ ఒక్క మాటలో బయటపడినది. “ఇంకో పెట్టె! టీచర్, పెట్టెలో పెట్టె!” లీడరు ఆమెను పట్టుకొని గెంతినది. బోసినోటి వీరుడు నేలమీద పడి దొర్లెను. లైబ్రరీ మేడమ్ రిజిస్టరు మూసి, “ఏదీ, నన్ను కూడా చూడనివ్వండి” అని మెడ చాచినది. గంట మ్రోగెను, ఎవ్వరికిని వినబడలేదు.

ఓ శ్రోతలారా! ఒక్క పుట! నాలుగు వారముల పరాజయము, ఇరువదితొమ్మిది పుక్కిళ్ళ నీరు, మూడు పెన్నులు ధారపోసి ఒకటవ తరగతి బి సెక్షను జయించిన రాజ్యము ఒకేయొక్క పుట, అందులో నాలుగే నాలుగు మాటలు. అయిననేమి? గురువారము పదకొండు గంటల ఇరువది నిమిషములకు ఆ బడిలో మేక పెట్టెలో ఏమున్నదో తెలిసినవారు ఇరువదితొమ్మండుగురు పిల్లలు, ఒక టీచరు, ఒక లైబ్రరీ మేడమ్. హెడ్మాస్టరుకు తెలియదు.