తైపే కంపనరంగంలో మా చెక్కమేడ

ఓ భూగర్భనివాసినీ, శిలాఫలకాలను ఒకదానిమీదొకటి తోసి ఆడుకునే తల్లీ, ఒక్క పూట నీ ఆట కట్టిపెట్టి మా గాథ వినవమ్మా! తుఫాను సెలవు ఒక్కటైనా రాలేదని విద్యార్థిలోకం విలపిస్తున్న సెప్టెంబరు మాసాన, తైపే భూకంప పరిశోధనశాలలో, కుదిపే ఇనుపబల్ల అనే మహారణరంగం మీద, బడుల పోటీకి పుల్లలతో కట్టిన మేడలు బారులు తీరి నిలిచాయి. అందులో, నెలకోసారైనా నేల కంపించే హువాలియెన్ ఊరి బడివీరులమైన మాదొకటి. నిరుడు మా మేడ బల్ల కదలకముందే, అంతస్తుల్లో పెట్టిన ఇనుపదిమ్మెల బరువుకే కూలింది. ఈసారి తొలి కుదుపైనా దాటకపోతే మా క్లబ్బు గదికి తాళమేనన్నాడు హెడ్మాస్టరు.

జిగురుతుపాకీధారిణీ దగ్ధాంగుష్ఠా అయిన మా నాయకురాలు పేయ్‌రోంగ్, పుల్లలు కోసే పో-హాన్, తప్పుడు లెక్కల సార్వభౌముడినైన నేను. ఇదే మా చతురంగబలం, ఒకరు తక్కువ.

యంత్రాల దగ్గర ఆకుపచ్చ చిరుతిండి పొట్లం పెడితే అవి బుద్ధిగా ఉంటాయని మా దీవిలో అందరి నమ్మకం. పసుపుది పెడితే అలుగుతాయి. పో-హాన్ పసుపుది తెచ్చాడు.

"ఆకుపచ్చదని కదరా చెప్పాను!" పేయ్‌రోంగ్ సింహనాదం చేసింది.

"అది కొబ్బరి రుచక్కా, నాకు పడదు."

"తినడానికి కాదురా మొద్దూ, మేడ ముందు పెట్టడానికి!"

పక్కజట్టు నాయకుడు, నగరగర్వోన్నతుడు కాయ్‌లూన్ నవ్వాడు. "హువాలియెన్ వాళ్ళకి భూకంపాలు చుట్టాలేగా! పొట్లమెందుకు, ఓసారి పలకరించండి చాలు."

"నీ దగ్గర ఆకుపచ్చది ఇంకోటుంటే ఇవ్వు," అంది పేయ్‌రోంగ్.

"ఎలాగూ పడిపోయే మేడకి వేస్టు కదా!"

అంతట పేయ్‌రోంగ్ ఆకుపచ్చ టేపు తీసి, పసుపు పొట్లానికి ఆపాదమస్తకం చుట్టి, "యంత్రం అడిగితే ఇది కొబ్బరిదే అని చెప్పండి, ఎవడూ నవ్వకండి!" అని ఆజ్ఞాపించింది.

బల్ల గర్జించింది. ప్రళయకాలమేఘగంభీరనాదంతో అటూ ఇటూ ఊగే ఆ లోహభూతలం మీద మేడలన్నీ గజగజలాడుతుండగా, నేను లెక్కకట్టిన స్తంభమే ఫట్మని ఊడగా, మా మేడ మెట్రోలో నిద్రపోయిన ప్రయాణికుడిలా మెల్లగా ఒరిగి ఒరిగి, కాయ్‌లూన్ మేడ భుజం మీద తల వాల్చింది! బల్ల ఆగింది.

"సార్! వీళ్ళది మా మీద పడింది, తీసెయ్యండి!"

న్యాయనిర్ణేత వంగి చూశాడు. "పడలేదు బాబూ. ఆనుకుంది. అంతస్తు నేలకి తాకితేనే పడ్డట్టు."

"మరి పక్కవాళ్ళని తాకితే?"

"నిబంధనల్లో దాని ఊసే లేదు. హువాలియెన్, తొలి కుదుపు పాస్!"

రెండో కుదుపులో మా మేడ చిదుగులైపోయింది. కాయ్‌లూన్ మేడ చెక్కుచెదరలేదు, ట్రోఫీ కూడా వాడిదే. అయితేనేం! శత్రుస్కంధావలంబనంతో సాధించిన ఈ దిగ్విజయాన్ని దశదిశలా చాటుతున్నాం: ఆచంద్రతారార్కం, పోనీ వచ్చే సెప్టెంబరు దాకా, మా క్లబ్బు గది తాళంచెవి మా దగ్గరే!